భట్టీకూర

పెనుకొండ బస్టాండు దగ్గర బేకరీ నడిపే సాబ్జాన్ మచ్చు చూడకుండా ఏ సరుకూ కొనడు. మైదా వచ్చిందంటే మూట కుట్టు విప్పించి, గుప్పెడు తీసి, పిడికిట్లో నొక్కి చూస్తాడు. వేళ్ళ అచ్చు నిలబడితేనే బండి దింపుకోమంటాడు. మనుషుల విషయంలోనూ అంతే. కొత్తవాడికి ముందు ఒక టీ తాగించి, వాడు ఖాళీ గ్లాసు ఎక్కడ పెడతాడో గమనించి, ఆ తర్వాతే మాట కలుపుతాడు. ఆయన లెక్కలో బతుకంటే రెండే గదులు. వచ్చేది ఒకటి, పోయేది ఒకటి. ఏది ఏ గదిలో వేయాలో తెలియనివాడు వ్యాపారానికి పనికిరాడని ఆయన నమ్మకం.

అట్లాంటి సాబ్జాన్‌కు అంగడి వెనక ఉన్న ఇటుకల భట్టీని ఏ గదిలో వేయాలో తెలియలేదు.

అది ఆయన నాయన కట్టించిన భట్టీ. పైన గుమ్మటంలా మూసుకుపోయిన పెద్ద పొయ్యి. లోపల కట్టెలు మండించి, నిప్పులు పక్కకు తోసి, కాలిన ఇటుకల వేడి మీద బన్నులూ రస్కులూ దిల్‌పసందూ కాలుస్తారు. ఇప్పుడు కట్టెలు దొరకడమే కష్టంగా ఉంది. పొగ వస్తోందని పక్కింటివాళ్ళు రోజూ గొడవ. భట్టీ చూసుకునే పోతులయ్య ముసలివాడైపోయాడు. ఎట్లా చూసినా అది పోయే గదిలోనే పడాలి. ఆ మాట తెలుసు కాబట్టే కూతురు ఫరీన్ అడగ్గానే కరెంటు ఓవెన్‌కు సరేనన్నాడు. అది బెంగళూరు నుంచి లారీలో వచ్చింది. వచ్చి, అట్టపెట్టెలోనే అంగడి ముందర నిలబడి ఉంది. అంగడి వెనక పెట్టాలంటే చోటు కావాలి. ఆ చోటులో భట్టీ ఉంది.

ఫరీన్ డిగ్రీ అయ్యాక హిందూపురంలో ఒక పెద్ద బేకరీలో పని నేర్చుకుని వచ్చిన పిల్ల. ఎర్రమంచి కార్ల కంపెనీలో పనిచేసే కుర్రవాళ్ళు వచ్చి ఏవేవో కొత్త పేర్లు చెప్పి అడిగి, లేవంటే వెనక్కి పోవడం ఆమెకు కడుపుమంటగా ఉంది.

"నాయనా, సుంకన్నకు శుక్రవారమని చెప్పేసినా. గడ్డపార తీసుకోని పొద్దున్నే వస్తాడు," అంది ఒకరోజు.

"నన్నడక్కుండానే?"

"నిన్నడిగితే ఒగసారి వానలంటావు, ఒగసారి రంజాన్ గిరాకీ అంటావు. మిషను పెట్టెలోనే ముసల్దయిపోతాంది."

భట్టీ ముందు చెమట తుడుచుకుంటున్న పోతులయ్య ఆ మాటకు నవ్వాడు. "పగలగొట్టనీ అబ్బా. ఈ మంట చూసీ చూసీ నా కండ్లకు మబ్బు కమ్మింది. నిన్న రస్కుల ట్రే అనుకోని గోడను పొడిచినా. ఈ నెల దాటితే నేనొచ్చేది లేదు, ముందే చెప్తాండా."

"నువ్వు రాకుంటే ఆడ ఎవరు నిలబడేది తాతా? నేనే గదా," అంది ఫరీన్. ఆమె ముంజేతి మీద మొన్న కాలిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

సాబ్జాన్ ఆ మచ్చ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. వెనక్కి తగ్గడానికి దారి లేదు. బేరంలో అన్ని మాటలూ అయిపోయాక మనిషి నోటి నుంచి అసలు మాట వస్తుంది. ఆయన నోటి నుంచీ అదే వచ్చింది.

"ఈ భట్టీలో మా అమ్మ కూర వండేది."

"కూరా? భట్టీలోనా?"

"భట్టీకూర. గోబీ, బీన్సు, క్యారెట్టు, ఉర్లగడ్డ, అన్నీ ట్రేలో పరిచి, మీద తెల్లగా ఏదో పోసేది. బన్నులు తీసేసినాక లోపల పెట్టేది. బయటికొస్తే పైన ఎర్రగా, లోపల మెత్తగా... ట్రే కదిలిస్తే వణికేది."

ఫరీన్ నవ్వేసింది. "అది బేక్డ్ వెజిటబుల్స్ విత్ చీజ్ సాస్ నాయనా. ఫోన్లో చూసి చిన్నపిల్లలు చేస్తాండారు. దానికోసమా నువ్వు ఇంత లాగుతాండేది?"

సాబ్జాన్‌కు నవ్వు రాలేదు. ఆయన చిన్నప్పుడు ఆ కూర ఎప్పుడో ఒకసారి వచ్చేది. పండుగకు వచ్చేది కాదు, అడిగితే వచ్చేది కాదు. అంగడి బాగా సాగిన రోజుల్లో అమ్మ చేస్తుందని పిల్లవాడిగా లెక్క కట్టుకున్నాడు. అందుకే బడి వదలగానే బన్నుల బుట్ట పట్టుకుని బస్టాండుకు పరిగెత్తేవాడు. అనంతపురం బస్సు కిటికీల కింద గొంతు చించుకుని అరిచేవాడు. బుట్ట ఖాళీ అయిన సాయంత్రం ఇంట్లోకి రాగానే ముందు గాలి వాసన చూసేవాడు. ఆయన వ్యాపారం నేర్చుకున్నది నాయన దగ్గర కాదు, ఆ వాసన కోసం. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. భార్య కాపురానికి వచ్చే నాటికే అమ్మ లేదు కాబట్టి, ఆ కూర ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళు ఇప్పుడు ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు. భట్టీ కూడా పోతే ఇక సాక్ష్యమే ఉండదు.

అవన్నీ కూతురికి చెప్పే మాటలు కావు. అందుకే వ్యాపారిలా మాట్లాడాడు.

"మచ్చు చూపించు. ఆ రుచి నీ మిషన్లో వస్తాదని తేలితే సుంకన్నకు గడ్డపార నేనే అందిస్తా. రాకుంటే మిషను వచ్చిన దోవనే పోతాది."

"మాట మాటే గదా నాయనా?"

"నేనెప్పుడన్నా మాట తప్పినానా?"

"లేదులే. బేరం తప్పినావు గానీ."

మరుసటి రోజు ఇద్దరూ హిందూపురం పోయారు. మార్కెట్‌లో గోబీ పువ్వును చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసి, బీన్సు విరిచి చప్పుడు విని, సాబ్జాన్ కాయగూరలు ఏరాడు. పెద్ద అంగట్లోకి పోయాక ఫరీన్, "చీజ్ తీసుకోవాల," అంది.

"ఏ చీజ్?"

"చీజే నాయనా."

"అదే, ఏ చీజో చెప్పు. అంగడి నిండా చీజులే ఉండాయి గదా." ఉర్దూలో చీజ్ అంటే వస్తువు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రతిదాన్నీ చీజ్ అనే పిలిచేవాళ్ళు. కూతురు పొట్ట పట్టుకుని నవ్వుతూ డబ్బా తీసి చేతిలో పెడితే గానీ ఆయనకు అర్థం కాలేదు.

బయటికి వస్తుంటే ఒకామె గంపలో జున్ను ముక్కలు పెట్టుకుని అమ్ముతోంది. ఫరీన్ ఒక ముక్క తిని, తండ్రికీ పెట్టింది. బెల్లం, యాలకుల వాసన.

"మా ఇంట్లో జున్ను చేసిన గుర్తే లేదు నాకు," అన్నాడు సాబ్జాన్ చప్పరిస్తూ. "వీధిలో అందరిండ్లల్లో తినేవాళ్ళు. మా అమ్మ మాత్రం ఒక్కసారి చేసిన పాపాన పోలేదు."

ఆ సాయంత్రం ఫరీన్ మొదలుపెట్టింది. కాయగూరలు ఉప్పు నీళ్ళల్లో సగం ఉడికించి వార్చింది. వెన్న కరిగించి మైదా వేసి, రంగు మారకుండా పచ్చివాసన పోయేదాకా కలిపింది. పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా తిప్పింది. చిక్కబడ్డాక మిరియాల పొడి, ఉప్పు, తురిమిన చీజ్ వేసింది. వెన్న రాసిన ట్రేలో కాయగూరలు పరిచి, మీద ఆ తెల్లటి సాసు పోసి, పైన ఇంకొంచెం చీజ్ చల్లింది.

"ఇది భట్టీలోనే పెడతా. తర్వాత మిషన్ వల్ల చెడిందని నువ్వు అనకుండా," అంది.

పోతులయ్య ట్రేను పొడవాటి కర్రపలక మీద పెట్టి లోపలికి తోశాడు. కాసేపటికి పైన బుడగలు వచ్చి, ఎర్రబడి, వాసన వీధిలోకి పోయింది. టీ తాగడానికి ఆగినవాళ్ళు తలలు తిప్పి చూశారు.

సాబ్జాన్ చెంచాతో తీశాడు. చెంచా వెంట తీగలు సాగాయి. నోట్లో పెట్టుకున్నాడు.

"బాగుండాది. ఎర్రమంచి పిల్లలు ఎగబడి కొంటారు."

"అయితే గెలిచినట్టేనా?"

"ఇది మంచి సరుకు. కానీ అది కాదు. అమ్మ చేసేది సాగేది కాదమ్మా, వణికేది."

ఫరీన్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నాయనా, అదే భట్టీ. అవే కాయగూరలు. నువ్వే ఏరినావు. భట్టీలోనే ఉండాదంటివి గదా రుచి. మరి ఈరోజు యాడికి పోయింది?"

సాబ్జాన్ చెంచాను ట్రే అంచున పెట్టాడు. అంగట్లో ఎవరైనా ఇట్లా అడిగి ఉంటే మాట మార్చేవాడు. కానీ ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు. తాళం వేసిన గోదాములో సరుకు లేదని చెప్పినట్టుగా ఉంది ఆయనకు. శుక్రవారం రెండడుగుల దూరంలో ఉంది.

"అమ్మకు ఆ కూర నేర్పింది హేమావతి టీచరు. అప్పట్లో మా ఇంట్లో బాడిగకుండేది," అన్నాడు చివరికి. "ధర్మవరంలో ఉండాదంట. రేపు పోదాం."

ప్యాసింజరు రైల్లో పోయారు. హేమావతి టీచరు కూతురి ఇంట్లో ఉంటోంది. కింద పట్టుచీరల అంగడి, పైన ఇల్లు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. ముసలామె కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఎవరప్పా?"

"నేను టీచరమ్మా, సాబ్జాన్‌ను. పెనుకొండ బేకరీ."

"ఓహో! బన్ను మీద చెర్రీ పీక్కోని తిని, బన్నును మళ్ళీ ట్రేలో పెట్టేవాడివి. నువ్వే గదా?"

"నాయనా! మచ్చు చూసేది అప్పుడే మొదలుపెట్టినావా?" అంది ఫరీన్.

సాబ్జాన్ ఆ నవ్వులు తగ్గేదాకా ఆగి, వచ్చిన పని చెప్పాడు. టీచరు కుర్చీలో వెనక్కి వాలింది.

"మీ ఇంటి వెనక గదిలోనే బాడిగకు ఉన్నా. ఆడపిల్లల బళ్ళో హోంసైన్సు చెప్పేదాన్ని. మీ అమ్మ నీకంటే లెక్కమనిషి. బన్నులు తీసినాక కూడా భట్టీలో ఇంత వేడి ఉంటాది, ఊరికే పోతాంది, దాంట్లో ఏమన్నా చెయ్యొచ్చా టీచరమ్మా అని అడిగింది. అప్పుడు చెప్పినా. కాయగూరలు సగం ఉడికించు, ట్రేలో పరుచు, మీద జున్ను సాసు పొయ్యి, పైన ఎర్రగా అయ్యేదాకా పెట్టు అని. అంతే."

ఫరీన్ చటుక్కున తలెత్తింది. "ఏం సాసు టీచరమ్మా?"

"జున్ను సాసు. ఇంగ్లీషులో చీజ్ అంటారు గదా, అది. మా పుస్తకంలో జున్ను అనే ఉండేది. పిల్లలు చీజ్ అని రాస్తే తెలుగులో రాయండే అని తిట్టేదాన్ని."

"మరి మా అవ్వకు చీజ్ అంటే ఏందో చెప్పినారా?"

"జున్ను అని చెప్పినా గదమ్మా. జున్ను తెలీనోళ్ళెవరు?"

తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టీచరు చేయి మెల్లగా నోటి మీదికి పోయింది.

"అయ్యో... ఒగరోజు వచ్చి అడిగిందప్పా. టీచరమ్మా, జున్ను సాసులో బెల్లం వెయ్యాల్నా వద్దా అని. బెల్లమెందుకే పిచ్చిదానా, ఉప్పూ మిరియాలూ వెయ్యి అంటిని. ఇదేం ప్రశ్న అనుకున్నా అప్పుడు! ఆ తర్వాత కొన్నాళ్ళకే హిందూపురానికి బదిలీ అయింది నాకు. అది వండిందో లేదో కూడా తెలీదు."

"వండింది టీచరమ్మా," అన్నాడు సాబ్జాన్. "వండుతూనే ఉండింది."

తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని పాత లెక్క మళ్ళీ మొదటి నుంచీ వేసుకున్నాడు. ఈసారి తేడా తేలింది. వెనక వీధిలో పాలకోసం ఎనుములు, అంటే గేదెలు, పెట్టుకున్న ఇంటికి కొత్తకోడలిగా వచ్చిన యశోదమ్మ, పైట చెంగు కప్పిన చెంబుతో తమ గుమ్మంలో నిలబడటం గుర్తొచ్చింది. ఎనుము ఈనినప్పుడల్లా ముర్రుపాలు తెచ్చి ఇచ్చేది. వాళ్ళకు అమ్మ బన్నులు కట్టి ఇచ్చేది. ఆ పాలు ఏమవుతున్నాయో పిల్లవాడు ఎప్పుడూ అడగలేదు. వీధిలో అందరూ వాటితో బెల్లం జున్ను చేసుకునేవాళ్ళు. అమ్మ ఉప్పూ మిరియాలూ వేసి కాయగూరల మీద పోసేది.

అంటే ఆ కూర అంగడి సాగినప్పుడు రాలేదు. బన్నుల బుట్ట ఖాళీ అయినందుకూ రాలేదు. యశోదమ్మ ఎనుము ఈనినప్పుడు వచ్చింది. తాను బస్టాండులో గొంతు చించుకున్న సాయంత్రాలకూ దానికీ సంబంధమే లేదు. అడిగినా రాకపోతే, ఇంకా అమ్మాలేమో అనుకుని మరుసటి రోజు ఇంకొంచెం గట్టిగా అరిచేవాడు. ఇన్నేళ్ళూ ఒక ఎనుము తన చేత వ్యాపారం చేయించింది.

ఆయన ఉన్నట్టుండి నవ్వాడు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. ఫరీన్ చూసి, బ్యాగులోంచి నీళ్ళ బాటిల్ తీసి ఇచ్చింది.

పెనుకొండలో దిగగానే నేరుగా యశోదమ్మ ఇంటికి పోయారు. ఆమె జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అట్లాగే ఉంది.

"ముర్రుపాలా? మీ అమ్మ పోయినాక మీ ఇంట్లో ఎవరూ అడగలేదే అబ్బా! నా ఎనుము ఈనేదానికి ఇంకా టైముండాది. ఆగు, మా చెల్లెల్ని అడుగుతా. ఎర్రమంచిలో వాళ్ళది ఈ వారమే అన్నారు." ఫోన్ చెవికి ఆనించి వీధంతా వినపడేలా మాట్లాడింది. "ఇంకా ఈనలేదంట. ఈనితే పంపిస్తుందిలే."

"శుక్రవారం లోపలేనా?"

"ఎనుమును నేనడగాల్నా అబ్బా? నువ్వే పోయి మాట్లాడు."

శుక్రవారం పొద్దున సుంకన్న గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. అంతకు కాస్త ముందే ఎర్రమంచి నుంచి ఆటోలో ఒక సీసా వచ్చింది. లోపల పసుపుపచ్చగా, చిక్కగా పాలు.

"కూర్చో సుంకన్నా, టీ తాగు. కూర తిని మొదలుపెడుదువు," అంది ఫరీన్.

"భట్టీ పగలగొట్టేదానికొస్తే కూర పెడతారా? మీరు మంచోళ్ళమ్మా," అన్నాడు సుంకన్న, గడ్డపార గోడకు ఆనించి.

ఈసారి వెన్న, మైదా లేవు. ఫరీన్ ముర్రుపాలలో అంతే మామూలు పాలు కలిపి, ఉప్పు, దంచిన మిరియాలు, కాస్త జీలకర్ర వేసింది. సగం ఉడికిన కాయగూరల మీద పోసింది. ట్రేలు రెండు. ఒకటి పోతులయ్య చేతికిచ్చింది. బన్నులు తీసి భట్టీ వేడి తగ్గినాక ఆయన దాన్ని లోపలికి తోశాడు. రెండోది అంగడి ముందర అట్టపెట్టె విప్పి, కరెంటు తీగ తగిలించిన కొత్త ఓవెన్‌లో, సన్నటి వేడి మీద పెట్టింది. సాబ్జాన్‌ను బయట కూర్చోబెట్టి ఇటు తిరగొద్దంది.

కాసేపటికి వాసన వచ్చింది. సాబ్జాన్ లేచి నిలబడ్డాడు. తర్వాత తనకే సిగ్గేసి కూర్చున్నాడు.

ఫరీన్ రెండు పళ్ళేలు తెచ్చి ముందు పెట్టింది. రెండింట్లోనూ పైన ఎర్రటి పొర. పళ్ళెం బల్ల మీద ఆనగానే రెండూ వణికాయి.

మొదటి పళ్ళెంలోంచి ఒక చెంచా తీసుకున్నాడు. ఉప్పగా, మిరియాల ఘాటుతో, గోబీని మెత్తగా కౌగిలించుకున్న జున్ను. నోట్లో అది కరుగుతుంటే బన్నుల బుట్ట మోచేతికి వేలాడింది, అమ్మ గాజులు ట్రే అంచుకు తగిలి మోగాయి. కళ్ళు మూసుకునే రెండో పళ్ళెంలోకి చెంచా పెట్టాడు. అదీ అదే. మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. మళ్ళీ రెండోది. జీవితమంతా గింజకూ గింజకూ తేడా పట్టిన మనిషి తేడా కోసం వెతుకుతూ వెతుకుతూ రెండు పళ్ళేలూ ఖాళీ చేశాడు.

"ఏది భట్టీది నాయనా?" అంది ఫరీన్.

"తెలీలేదు."

"నిజంగానా?"

"రెండూ మా అమ్మవే."

పోతులయ్య కళ్ళు చికిలించి ఖాళీ పళ్ళేల వైపు చూశాడు. "నాకన్నా ఒగ ముక్క పెట్టుంటే చెప్పేవాణ్ణి గదప్పా."

"ట్రేలో ఉండాది తాతా, రా," అంది ఫరీన్.

సాబ్జాన్ లేచి భట్టీ దగ్గరికి పోయాడు. గోరువెచ్చటి ఇటుకల మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు. లోపల ఏముందో తెలియక ఇన్నేళ్ళూ ఈ గోదాముకు కాపలా కాశాడు. సరుకు ఇక్కడ లేదు. అది వెనక వీధి కొట్టంలో, యశోదమ్మ ఎనుముల దగ్గర ఉంది. అమ్మ విన్న ఒక మాటలో ఉంది. వాటిని గడ్డపార ఏమీ చేయలేదు. కూతురి చేతి మీద మచ్చ మాత్రం ఈ ఇటుకలదే.

గోడకు ఆనించిన గడ్డపార తీసి సుంకన్నకు అందించాడు.

"తిన్నావా?"

"తిన్నా అన్నా. ఇదేందో గానీ చానా బాగుండాది. పేరేంది?"

"భట్టీకూర."

ఫరీన్ అప్పటికే బోర్డు మీద కొత్త సరుకుల పేర్లు రాయడానికి సుద్దముక్క పట్టుకుంది. "భట్టీ పోతాండాది గదా నాయనా. ఇంక భట్టీకూర అంటే ఎట్లా?"

"చీజ్‌ను జున్ను అనలేదా ఆ టీచరమ్మ? ఆమె తప్పుగా చెప్పబట్టే గదా మనకు ఈ కూర దొరికింది. పేరు అట్లే ఉండనీ."

ఫరీన్ రాసింది. వెనక నుంచి మొదటి దెబ్బ వినిపించింది. సాబ్జాన్ తల తిప్పలేదు. ఖాళీ సీసా కడిగి చేతిలో పట్టుకున్నాడు. యశోదమ్మ ఎనుము ఎప్పుడు ఈనినా ముందు తనకే చెప్పాలని మాట తీసుకోవాలి. గుమ్మం దాటబోతూ ఆగి, బోర్డు చదివి, ఒక వ్యాపారికి తప్ప తోచని మాట చెప్పాడు.

"కింద ఇంకో ముక్క రాయి. ఎనుము ఈనినప్పుడే దొరుకుతాదని. ఎప్పుడూ దొరికితే పిల్లోళ్ళు గాలి వాసన చూడరు."